టెర్రకోటానా, జేగురా: సోఫా వెనక గోడకు ఏది?

మీరు రాసిన వివరాలు ఇవీ. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాలుకు పడమటి బాల్కనీ, దానికి పక్కగా సోఫా వెనక పన్నెండడుగుల గోడ. కింద క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్సు, టేకు తలుపు, ఇప్పుడు గోడల మీద లేత పిస్తా రంగు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరతారు. షేడ్ కార్డులో టెర్రకోటా ఒకటి, జేగురు ఒకటి పక్కన పెట్టుకున్నారు. మీవారికి రెండూ ఒకటే అనిపిస్తున్నాయి, మీకేమో తేడా కనిపిస్తోంది గానీ అది ఏమిటో తేలడం లేదు. ఊళ్లో గోడలకు పూసే ఎర్రమట్టి జాజులా ఉండాలన్నది మీ అత్తగారి కోరిక.

తేడా ఉందండీ, మీ కన్ను పొరపడలేదు. హైదరాబాద్‌లో ఇళ్లకు రంగులు ఎంపిక చేసి వేయించడమే నా వృత్తి. ఇలాంటి మట్టి ఎరుపుల జంట దగ్గర ఆగిపోయే కుటుంబాలను ప్రతి సీజన్‌లోనూ చూస్తుంటాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: మీ హాలుకు జేగురే అందం, కాకపోతే హాల్లో బల్బులు మార్చిన తర్వాతే. బల్బులు మార్చే ఉద్దేశం లేకపోతే టెర్రకోటా వేయించుకోండి, జేగురు జోలికి వెళ్లొద్దు. రంగు గురించి అడిగితే బల్బుల గురించి చెబుతున్నానని అనుకోకండి. ఈ రెండు ఎరుపుల మధ్య తేడా తేలేది అక్కడే.

ముందు మీవారికి తేడా చూపించే పద్ధతి చెబుతాను. షేడ్ కార్డులో ఒక్కో పట్టీకి లేత నుంచి ముదురు దాకా కొన్ని గళ్లుంటాయి కదా. మీరు ఎంచుకున్న గడిని వదిలేసి అదే పట్టీలో అన్నిటికన్నా లేత గడిని చూడండి. టెర్రకోటా పట్టీ లేతబడే కొద్దీ పీచ్ రంగులోకి జారుతుంది. జేగురు పట్టీ లేతబడితే మాసిన గులాబీ రంగులోకి పోతుంది. ముదురు గళ్లలో కంటికి దొరకని గుణం లేత గళ్లలో తేటగా కనిపిస్తుంది. టెర్రకోటా ఎరుపులో పసుపు పాలు ఎక్కువ. జేగురులో పసుపు తక్కువ, నలుపు ఛాయ కాస్త ఎక్కువ. ఆ రెండు లేత గళ్లనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించండి, ఇంట్లో వాదన అక్కడితో తీరిపోతుంది.

నిజానికి రెండింటికీ మూలం ఒకటే, ఇనుము. మన చెల్కా నేలల ఎరుపూ, ఇటుక ఎరుపూ, జాజు ఎరుపూ అన్నీ ఐరన్ ఆక్సైడ్ ఇచ్చినవే. అదే ఇనుము నీటి అంశతో కలిసి ఉన్నప్పుడు పసుపు మట్టిగా కనిపిస్తుంది, బాగా కాలిస్తే నీరు పోయి ఎర్రబడుతుంది. పెయింట్ షాపులో రంగులు కలిపే టింటింగ్ మెషీన్ లెక్క కూడా స్థూలంగా ఇంతే. రెడ్ ఆక్సైడ్‌కు యెల్లో ఆక్సైడ్ బాగా కలిపితే టెర్రకోటా వస్తుంది, యెల్లో తగ్గించి నలుపు కొంచెం చేరిస్తే జేగురు వస్తుంది.

ఇక్కడ షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చాలామంది అడగరు. "ఈ షేడ్ ఫార్ములా ఏమిటి?" అని అడగండి. డబ్బా మూత మీద అతికించే స్టిక్కర్ మీదో, కంప్యూటర్ తెర మీదో ఏ టింటర్ (బేస్ పెయింట్‌లో కలిపే రంగు) ఎంత పడుతుందో ఉంటుంది. అంతా ఆక్సైడ్‌లతోనే తయారవుతుంటే నిశ్చింత. ఐరన్ ఆక్సైడ్ ఎండకు వెలిసిపోదు, సిమెంటులోని క్షారానికీ లొంగదు. ఎరుపు ఇంకా మెరవాలని ఆర్గానిక్ ఎరుపు, నారింజ టింటర్లు ఎక్కువ పోసిన షేడ్ అయితే ఎండ తగిలే చోట కొన్నేళ్లకు వెలిసే అవకాశం ఎక్కువ. మీ గోడకు బాల్కనీ వైపు మూడు నాలుగు అడుగుల మేర సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ భాగం ఒక్కటీ వెలిస్తే గోడంతా మళ్లీ వేయించాల్సి వస్తుంది.

ఇప్పుడు బల్బుల సంగతి. మీ ఇద్దరూ ఆ గోడను ఎక్కువసేపు చూసేది రాత్రి భోజనాల వేళ. అంటే సూర్యుడికన్నా ఎల్‌ఈడీయే మీ గోడకు ముఖ్యం. ఫ్లాట్లలో సాధారణంగా బిగించి ఉండేవి 6500 కెల్విన్ తెల్ల బల్బులు. కెల్విన్ అంటే వెలుగు ఛాయకు కొలత, ఆ సంఖ్య తగ్గే కొద్దీ వెలుగు వెచ్చగా, పసుపుగా ఉంటుంది. అట్టపెట్టె మీద కూల్ డేలైట్ అని రాసి ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం వెలుగిచ్చే చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. రెండు వెలుగులూ కలిసి మన కంటికి తెలుపుగా అందుతాయి, కానీ ఆ తెలుపులో ముదురు ఎరుపు వాటా చాలా తక్కువ. గోడకు సొంత వెలుగు ఉండదు కదా, తన మీద పడిన దాంట్లోంచే కొంత తిప్పి పంపుతుంది. పడే వెలుగులో ఎరుపే లేకపోతే ఎంత ఖరీదైన ఎరుపు పూసినా కంటికి వచ్చేది ఏమీ ఉండదు.

అందుకే ఆ బల్బుల కింద జేగురు చచ్చుబడిపోతుంది, నల్లబడిన గోధుమ రంగులోకి దిగిపోతుంది. పగలు ఎంతో ముచ్చటగా ఉన్న గోడ రాత్రయ్యేసరికి మాసినట్టు ఎందుకుందని అడిగేవాళ్ల ఇళ్లలో నేను ముందు చూసేది సీలింగ్ లైటునే. టెర్రకోటా ఇదే బల్బు కింద కొంత నిలబడుతుంది. దానిలో పసుపు పాలు ఉంది, ఆ బల్బు వెలుగులో పసుపు పుష్కలంగా ఉంది, కాబట్టి గోడకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. బల్బులు మార్చకపోతే టెర్రకోటాయే అన్నది ఇందుకే.

మార్చేటట్టయితే వాట్లు చూసి కొనకండి. పెట్టె మీద సీఆర్‌ఐ అనే సంఖ్య ఉంటుంది, రంగుల్ని ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. మామూలు బల్బులకు 80 ఉంటుంది. ఆ సంఖ్యలో చిక్కు ఏమిటంటే, అది ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచేది ఆర్9 అనే వేరే సంఖ్య, అది ఆ సగటులోకి రాదు. సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుకు ఆర్9 సున్నా దగ్గర ఉండటం మామూలే. మీకు కావలసింది సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 కనీసం 50, వెలుగు 3000 లేదా 4000 కెల్విన్. ఆర్9 విలువ పెట్టె మీద లేకపోతే కంపెనీ డేటా షీట్‌లో చూడాలి. ట్రూప్ బజార్ లైట్ల షాపుల్లో ఇలా సంఖ్యలతో అడగండి, "మంచి బల్బు ఇవ్వండి" అంటే కుదరదు.

3000 కెల్విన్ వెలుగులో రెండు ఎరుపులూ వేడెక్కుతాయి. టెర్రకోటా బాగా నారింజ అయిపోతుంది, జేగురు నిండుగా ఎర్రబడుతుంది. 4000 వెలుగులో రెండూ తమ అసలు రంగులో కనిపిస్తాయి. మీ హాలుకు నేనైతే 3000 పెడతాను, రాత్రి పూట జేగురుకు అంతకన్నా అనువైన వెలుగు లేదు. ఏది పెట్టినా ఒకే గోడ మీద రెండు రకాల వెలుగు పడనివ్వకండి. ఫాల్స్ సీలింగ్ అంచులో 3000 పట్టీ, మధ్యలో 6500 ప్యానెల్ ఉంటే గోడ పైభాగం ఒక రంగు, కింది భాగం ఒక రంగుగా ఉంటుంది. పెయింటర్ రెండు డబ్బాలు వాడాడేమో అని అనుమానం వస్తుంది.

పగటి వెలుగు గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు చలి దేశాలవి. ఉత్తరపు గదిలోకి ఎండే రాదు, అక్కడ వెలుగు చల్లగా నీలంగా ఉంటుంది, కాబట్టి వెచ్చని ఎరుపు వేయండి అంటాయి. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఆ సూత్రాలు ఇక్కడికి యథాతథంగా పనికిరావు. మీది ఎలాగూ పడమటి బాల్కనీ. నాలుగు దాటాక వచ్చే ఎండలో నీలం తగ్గి పసుపు, నారింజ పెరుగుతాయి. అది క్రీమ్ టైల్సు మీద పడి, ఇంకాస్త పసుపు తోడుచేసుకుని గోడ మీదికి లేస్తుంది. ఆ వేళ టెర్రకోటా దాదాపు కాషాయం అయిపోతుంది. జేగురు మాత్రం తనలో లేని పసుపును ఆ ఎండ నుంచి తీసుకుని సమతూకానికి వస్తుంది. మీ ఇంట్లో జేగురు వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఈ సాయంత్రాలే. వెలుగును బట్టి ఒకే ఎరుపు ఎలా మారుతుందో చూడాలంటే మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనాన్ని నయాపుల్ దగ్గర నుంచి ఒక మబ్బు ఉదయం, ఒక ఎండ సాయంత్రం చూడండి.

ఎదురుగా ఖాళీ ప్లాటు ఉందని రాశారు. మియాపూర్‌లో ఖాళీ ప్లాటు ఎన్నాళ్లుంటుందో మీకే తెలుసు. అక్కడ అపార్ట్‌మెంటు లేస్తే మీకు వచ్చే వెలుగు ఆకాశం నుంచి కాక దాని గోడల మీంచి వస్తుంది, వాళ్లు వేసిన రంగు మీ హాల్లోకి కొంత చేరుతుంది. అది మన చేతిలో లేదు. రాత్రి వెలుగును మీరు సరిచేసుకుని పెట్టుకుంటే అప్పుడు కూడా గోడ సగం రోజు మీ మాట వింటుంది.

మీరు దాచుకున్న ఫొటోల్లో ఉన్న కేవర్న్ క్లే, రెడెండ్ పాయింట్ రెండూ షెర్విన్ విలియమ్స్ అనే అమెరికన్ కంపెనీవి. ఒకటి 2019లో, ఇంకొకటి 2023లో ఆ కంపెనీ ప్రకటించిన ఆ ఏటి రంగులు. వాటికి ఎల్‌ఆర్‌వీ అనే సంఖ్య ఇస్తారు, అంటే మీద పడిన వెలుగులో గోడ ఎంత శాతం తిప్పి పంపుతుందన్న లెక్క. కేవర్న్ క్లేకు 20, రెడెండ్ పాయింట్‌కు 30. మంచి తెలుపుకు 80 పైన ఉంటుంది. మీ టెర్రకోటా కేవర్న్ క్లేకు దగ్గరి బంధువు. మీ జేగురు దానికన్నా ముదురు, కాబట్టి ఇంకా ఎక్కువ వెలుగు మింగుతుంది. ఒక్క గోడకైతే ఇబ్బంది లేదు. నాలుగు గోడలకూ వేద్దామన్న మీవారి ఆలోచన మాత్రం వద్దు. ఆ విదేశీ షేడ్‌నే ఇక్కడి షాపులో కంప్యూటర్ మ్యాచింగ్ చేయించుకోవడం కూడా వద్దు. షాపు లైటు కింద కలిసిన రెండు రంగులు మీ హాల్లో విడిపోవచ్చు, వాటిలో వాడిన టింటర్లు వేరు కనుక. మీ షాపు కార్డులో ఉన్న షేడ్‌నే తీసుకోండి.

టేకు తలుపు గురించి మీరు పెద్దగా రాయలేదు గానీ అది చాలా ముఖ్యం. పాలిష్ పెట్టిన టేకు బంగారు గోధుమ రంగు, అందులో నారింజ ఛాయ ఉంటుంది. దాని పక్కన టెర్రకోటా, కింద క్రీమ్ టైల్సు పెడితే మూడూ ఒకే కుటుంబం అయిపోయి తలుపు గోడలో కలిసిపోతుంది. జేగురు పక్కన టేకు విడిగా, గౌరవంగా నిలబడుతుంది. ఇత్తడి వస్తువులు, ఆకుపచ్చ మొక్కలు కూడా జేగురు ముందే బాగా తేలతాయి. మిగిలిన మూడు గోడలకు నీలం కలిసిన తెలుపు వేయకండి, పక్కన ఎరుపు ఉంటే అది ఆసుపత్రి గోడలా చల్లబడి కనిపిస్తుంది. కాస్త వెచ్చని, పసుపు మరీ ఎక్కువ కాని ఆఫ్ వైట్ తీసుకోండి. సీలింగ్ తెల్లగానే ఉంచండి. ఎర్ర గోడ పక్కన అది కొద్దిగా గులాబీ రంగు పులుముకుంటుంది, అది వెలుగు వల్లే, మరక కాదు.

మీ అత్తగారి మాటను నేను మనసారా సమర్థిస్తాను. ఆవిడ చెప్పే జాజు ఈ రెండింటిలో జేగురుకే దగ్గర. కానీ ఊరి గోడకు ఆ అందం రంగు ఒక్కదాని వల్లే రాలేదు. పైన సున్నం తెలుపు, కింద మోకాలెత్తున జాజు పట్టీ, దాని మీద చేత్తో గీసిన తెల్ల ముగ్గు. వాన చినుకులు చిమ్మే బురదను ఆ పట్టీ దాచేది, పైనున్న తెలుపు ఇంటికి వెలుగిచ్చేది. ఎరుపు తక్కువ, తెలుపు ఎక్కువ కాబట్టే ఎరుపు అంత నిండుగా కనిపించేది. ఇంకొకటి, జాజుకు మెరుపు ఉండదు. ఆవిడకు ఆ పాత ఆనందం దొరకాలంటే మీ పూజ గదికి వెళ్లే దారిలో కింద మూడడుగుల ఎత్తు మెరుపు లేని (మ్యాట్) జేగురు, పైన ఆఫ్ వైట్ వేయించండి. ముగ్గు ఆవిడతోనే వేయించండి, తెల్ల ఎమల్షన్, సన్న బ్రష్ ఇస్తే చాలు. ఆ దారికి ఈ పట్టీ చాలా అందం తెస్తుంది, ఖర్చు దాదాపు లేదు.

శాంపిల్ చూసే తీరు కూడా సరిగ్గా ఉండాలి. గోడ మీద నేరుగా పూయకండి. లేత పిస్తా ఆకుపచ్చ పక్కన ఏ ఎరుపైనా ఉన్నదానికన్నా ఎక్కువ ఎర్రగా కనిపించి మోసం చేస్తుంది. రెండు పెద్ద డ్రాయింగ్ అట్టలు తెచ్చి, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండేసి కోట్లు వేయండి. తడిగా ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవద్దు, ఎమల్షన్ ఆరాక ముదురుతుంది. మర్నాడు అట్టల్ని సోఫా వెనక నిలబెట్టండి. నేల మీద పడుకోబెట్టి చూస్తే వెలుగు వేరుగా పడుతుంది. పొద్దున ఒకసారి, ఎండ వచ్చే సాయంత్రం ఒకసారి, రాత్రి కొత్త బల్బు కింద ఒకసారి చూడండి. తలుపు పక్కకూ జరిపి చూడండి. ఫోన్‌లో ఫొటో తీసి పోల్చకండి, కెమెరా తెలుపును తనే సరిచేసుకుంటుంది, ఆ సర్దుబాటులో ఎరుపులు మారిపోతాయి.

వేయించేటప్పుడు గోల వచ్చేది కోట్ల దగ్గరే. ఇలాంటి ముదురు షేడ్‌లను తెలుపు పిగ్మెంటు చాలా తక్కువగా ఉండే బేస్‌లో కలుపుతారు, అందుకే కింది రంగును కప్పే శక్తి తక్కువ. రెండు కోట్లకు మాట్లాడుకున్న మేస్త్రీ రెండో కోటు అయ్యాక చారలు కనిపిస్తుంటే "ఆరితే పోతాయి" అంటాడు. పోవు. మూడో కోటు వేయాల్సిందే, ముందే మాట్లాడుకోండి. లప్పం పెట్టి ఎమరీ పేపర్‌తో రుద్దాక వేసే ప్రైమర్‌లో వాటర్ బేస్ స్టెయినర్ (రంగు ద్రావణం) కలిపించి దాన్ని లేత ఎరుపుకో బూడిద రంగుకో తెప్పిస్తే కోట్లు తేలిగ్గా కప్పుతాయి. షాపులో రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అంటే ఇనుప గ్రిల్స్‌కు వేసేది ఇస్తారు, అది గోడకు పనికిరాదు. ఆ గోడ వెనక బాత్రూమ్ ఉంటే చెమ్మ ఉందేమో ముందే చూపించండి. లేత రంగు మీద కనిపించని ఉప్పు పూత జేగురు మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫినిష్ విషయంలో పూర్తి మ్యాట్ జాజుకు దగ్గరగా ఉంటుంది, నాకూ అదే ఇష్టం. కానీ ఇది సోఫా వెనక గోడ. తల ఆనించే ఎత్తులో కొబ్బరి నూనె మరకలు పడతాయి, వాటిని తుడిచిన చోటల్లా మామూలు మ్యాట్ నున్నబడి మెరుస్తుంది, ముదురు రంగులో అది ఇంకా కనిపిస్తుంది. అలాగని బాగా మెరిసే ఫినిష్ వేస్తే పైనుంచి పడే లైటుకు లప్పం ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. కడగడానికి వీలైన మ్యాట్ అని అడగండి. అది దొరక్కపోతే కొద్దిగా మాత్రమే మెరిసే సాఫ్ట్ షీన్‌తో సరిపెట్టుకోండి.

పన్నెండడుగుల గోడకు రెండు లీటర్లు ఒకేసారి కలిపించండి, విడివిడిగా రెండుసార్లు కలిపిస్తే చిన్న తేడా వస్తుంది. ఒక్కో లీటరు డబ్బాలుగా ఇస్తే రెండింటినీ పెద్ద బకెట్‌లో పోసి బాగా కలిపాకే మేస్త్రీకి ఇవ్వండి. పని అయ్యాక మిగిలింది నీళ్లు కలపకముందే విడిగా తీసి, మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో అంచు దాకా నింపండి. మీద షేడ్ నంబరు, ఫార్ములా, ఫినిష్ పేరు, తేదీ రాసి పెట్టండి. సోఫా జరిపినప్పుడు గోడకు గీత పడితే కావలసినవి అవే.